లాల్‌బాగ్‌లో మొదలైన ఓటమి: సంజీవరెడ్డి 1969లో ఎందుకు ఓడారు, 1977లో ఎలా గెలిచారు

బెంగళూరులో స్థిరపడిన అనంతపురం, హిందూపురం కుటుంబాల్లో నీలం సంజీవరెడ్డి పేరెత్తితే రెండు వాదనలు వినిపిస్తాయి. ఇందిరమ్మ నమ్మించి ముంచిందనేది ఒకటి. సిండికేట్ అని పేరుపడ్డ కాంగ్రెస్ పెద్దలు తమ గొడవలోకి లాగి ఆయన్ని బలిపెట్టారనేది రెండోది. రెండింటిలోనూ నిజముంది. కానీ రెండూ ఆయన్ని ఎవరో జరిపితే జరిగిన మనిషిగా చూపిస్తాయి. రెండుసార్లు ముఖ్యమంత్రిగా, కాంగ్రెస్ అధ్యక్షుడిగా, కేంద్ర మంత్రిగా, లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసి 56 ఏళ్లకే రాష్ట్రపతి పదవి గుమ్మం దాకా వెళ్లిన నాయకుడు అంత అమాయకుడై ఉండడు.

నా ఉద్దేశంలో ఆయన ఎదుగుదలకీ పతనానికీ మూలం ఒకటే. ఆయన్ని తయారుచేసింది పార్టీ సంస్థ. కమిటీలు, సభ్యత్వాలు, టికెట్లు, శాసనసభా పక్షంలో లెక్కలు, వీటిలో ఆయనకున్న పట్టు ఆ తరంలో కొద్దిమందికే ఉంది. పార్టీ ఒక నిర్ణయం తీసుకుంటే ఎంపీలు, ఎమ్మెల్యేలు దానికి కట్టుబడి ఓటేస్తారన్న నమ్మకం మీదే ఆయన రాజకీయ జీవితమంతా నడిచింది. 1969 ఆగస్టులో, రాష్ట్రపతి ఎన్నికలో చెదిరిపోయింది ఆ నమ్మకమే. ఆ చెదరడం మొదలైంది బెంగళూరులో. ఈ ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లం ఆ సంగతి వివరంగా తెలుసుకోవాలి.

ఇల్లూరు నుంచి హైదరాబాదు దాకా

సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజం వారి బడిలో చదువుకున్నారు. తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరి, గాంధీజీ ప్రభావంతో 1931లో చదువు మానేసి ఉద్యమంలోకి వచ్చారు. పాతికేళ్ల వయసులో, 1938లో, ఆంధ్ర ప్రాంతీయ కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యారు. ఆ పదవిలో పదేళ్లున్నారు. ఉపన్యాసాలతో పేరు తెచ్చుకునే పదవి కాదది. ఏ తాలూకాలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరికి ఎవరంటే పడదు, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి అనేవి క్షుణ్ణంగా తెలిసే పదవి. ఆయన తర్వాతి ముప్పై ఏళ్ల రాజకీయానికి పెట్టుబడి అక్కడే సమకూరింది.

1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. క్విట్ ఇండియా రోజుల్లో ఆయన్ని అమరావతి జైలుకు పంపారు. ఇది మన కృష్ణా తీరంలోని అమరావతి కాదు, విదర్భలోది. అక్కడ ఆయనతో పాటు ఉన్నవాళ్లు టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి.గిరి. ఈ జాబితా గుర్తుపెట్టుకోండి. 1953లో ప్రకాశం ముఖ్యమంత్రి అయితే ఉప ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. 1969లో ఆయన్ని రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు కామరాజ్. ఆ ఎన్నికలో ఆయన్ని ఓడించినవాడు గిరి. ఒకే జైల్లో గడిపిన మనుషుల మధ్యే ఆ కథంతా నడిచింది.

ఆయన బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుంది అన్నది 1951-52లోనే బయటపడింది. 1951లో ప్రాంతీయ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి.రంగాతో పోటీపడి గెలిచారు. రంగా లాంటి రైతు నాయకుణ్ణి సంస్థ లోపల ఓడించడం చిన్న విషయం కాదు. ఆ వెంటనే వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో మాత్రం సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. పార్టీ లోపల గెలుపు, జనం ముందు ఓటమి. తర్వాత ఆయన ఎన్నికల్లో గెలవలేదని కాదు, గెలిచారు. అయినా ఎన్నికల సభకు జనాన్ని తన పేరు మీదే రప్పించుకునే ఆకర్షణ ఆయన రాజకీయానికి ఇరుసు ఎప్పుడూ కాలేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆయనే. 1960 జనవరిలో ఆ పదవి వదిలి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆయన అధ్యక్షతన తొలి మహాసభ జరిగింది కూడా బెంగళూరులోనే. అప్పుడాయనకు 46 ఏళ్లు. హైదరాబాదులో ఆయన స్థానంలోకి దామోదరం సంజీవయ్య వచ్చారు. 1962లో ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు: సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రి, సంజీవయ్య పార్టీ అధ్యక్షుడు. నాయకుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో పార్టీ నిర్ణయిస్తే ఆయన అక్కడ కూర్చునేవాడు. ఆనాటి పద్ధతి అది.

రెండో విడత ఎక్కువ కాలం సాగలేదు. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ మీద ప్రైవేటు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జిల్లా పడమటి వైపు రూట్లను ముందుగా తీసుకోవడం వెనుక ముఖ్యమంత్రి రాజకీయ కక్ష ఉందన్నది వాళ్ల ఆరోపణ. ఆ ఆరోపణను ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదని కోర్టు ఎత్తిచూపింది. 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. ఈ ఘట్టాన్ని ఆయన అభిమానులు నైతికతకు నిదర్శనంగా చెబుతారు, విమర్శకులు మచ్చగా చెబుతారు. నాకైతే రెండూ కలిసే కనిపిస్తాయి. కోర్టు మాట పడ్డాక కుర్చీ పట్టుకుని వేలాడకపోవడం గౌరవించాల్సిన విషయమే. కానీ అసలు ఆ మాట పడేదాకా వచ్చిందెందుకన్నది కూడా అడగాలి కదా.

నాలుగు నెలలు తిరక్కుండానే లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ దక్కింది. ఇందిరాగాంధీ తొలి మంత్రివర్గంలో రవాణా, పౌర విమానయానం, షిప్పింగ్, పర్యాటకం. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి మార్చి 17న స్పీకర్ అయ్యారు. స్పీకర్ పార్టీలకు అతీతంగా ఉండాలని కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అప్పటికి పార్టీతో ఆయనది 34 ఏళ్ల బంధం. పార్టీయే సర్వస్వంగా బతికిన మనిషి తనంతట తాను పార్టీ కార్డు తిరిగిచ్చేశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే. ఆ తర్వాత స్పీకర్లలో ఆ దారి పట్టినవాళ్లు ఎంతమందని చూస్తే దీని విలువ తెలుస్తుంది.

రాష్ట్రపతి కుర్చీ కోసం అంత పోరెందుకు?

రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు అనే మాట మనకు అలవాటు. మరి ఆ స్టాంపు కోసం దేశంలోని అతి పెద్ద పార్టీ రెండు ముక్కలవడమేమిటి? దీనికి జవాబు 1967 ఎన్నికల ఫలితాల్లో ఉంది.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు లోక్‌సభలో 283 స్థానాలే వచ్చాయి. బొటాబొటి మెజారిటీ. చాలా రాష్ట్రాల్లో అధికారం చేజారింది. పార్టీని నడిపిస్తున్న పెద్దలే మట్టికరిచారు: విరుదునగర్‌లో కామరాజ్, బొంబాయిలో ఎస్.కె.పాటిల్, బంకురాలో అతుల్య ఘోష్. వీళ్ల గుంపునే పత్రికలు సిండికేట్ అన్నాయి. శాస్త్రి చనిపోయాక 1966లో ఇందిరను ప్రధానిని చేసింది ప్రధానంగా వీళ్లే. చెప్పిన మాట వింటుందనుకున్నారు. వినలేదు.

ఇప్పుడు రాజ్యాంగం చూడండి. ప్రధానమంత్రిని నియమించేది రాష్ట్రపతి. ఒక పార్టీకి తిరుగులేని మెజారిటీ ఉన్నంతకాలం ఆ నియామకంలో రాష్ట్రపతికి ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. కానీ తర్వాతి ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే? పాలక పార్టీయే చీలిపోతే? అప్పుడు ఎవరిని పిలవాలి, ఎంత గడువివ్వాలి, సభను రద్దు చేయాలా వద్దా అన్నవన్నీ రాష్ట్రపతి విచక్షణ మీదే ఆధారపడతాయి. 1969లో రెండు వర్గాలకూ ఆ రోజు దగ్గర్లోనే కనిపిస్తోంది. రాష్ట్రపతి భవన్‌లో తమ మనిషి ఉంటే ఇందిరను మార్చడం సులువని సిండికేట్ లెక్క. ఆ లెక్క ఇందిరకూ తెలుసు.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉప రాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు.

బెంగళూరు, 1969 జూలై

లాల్‌బాగ్ గాజు మహలు మనకు పూల ప్రదర్శనలకు గుర్తు. ఇనుప స్తంభాలు, పైన గాజు పలకలు, లోపల జనవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పూలతో కట్టిన బొమ్మలు. 1889లో దీనికి శంకుస్థాపన జరిగింది. 1969 జూలై రెండో వారంలో ఆ కప్పు కిందే అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. ఇవాళ అక్కడ ఫొటోలు దిగే వేలమందిలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

మొదటి రోజున ఇందిర రాలేదు. ఒంట్లో బాగా లేదని కబురు చేసి, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చేత ఒక నోట్ పంపించారు. ఏవో తోచిన ఆలోచనలు అన్నట్టుగా రాసిన ఆ కాగితంలో బ్యాంకుల జాతీయీకరణ ప్రస్తావన ఉంది. పదవుల గురించి బేరాలాడుకోవడానికి వచ్చిన పెద్దల ముందు ఆమె ఆర్థిక విధానాన్ని తెచ్చిపెట్టారు. ఎవరు ఎటు అని తేల్చడానికి ఇక మీదట కొలబద్ద ఏదో ఆ కాగితంతోనే నిర్ణయమైపోయింది: పేదల పక్షమా, బ్యాంకుల యజమానుల పక్షమా? నా అంచనాలో సంజీవరెడ్డి ఓటమికి తొలి అడుగు ఆయన పేరు ఖరారు కాకముందే, ఆ నోట్ దగ్గరే పడింది.

జూలై 12న కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు రాష్ట్రపతి అభ్యర్థిని ఎంచుకుంది. ఇందిర జగ్జీవన్ రామ్ పేరు ప్రతిపాదించారు. సిండికేట్ సంజీవరెడ్డి అంది. మొరార్జీ దేశాయ్, కామరాజ్, పాటిల్, వై.బి.చవాన్, నలుగురూ సంజీవరెడ్డి వైపు. ఇందిర, ఫక్రుద్దీన్ ఇద్దరే అటువైపు. సొంత పార్టీ బోర్డులో ప్రధానమంత్రి ఓడిపోయారు. సంస్థ లెక్కల ప్రకారం విషయం అక్కడితో ముగిసినట్టే. బోర్డు తీర్మానించింది, పార్టీ పాటిస్తుంది. సంజీవరెడ్డి తన జీవితమంతా చూసిన కాంగ్రెస్ అలాగే పనిచేసింది.

తర్వాతి వారం రోజులు భారత రాజకీయాల్లో అలాంటివి మళ్లీ రాలేదేమో. జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థిక శాఖ తీసేసుకున్నారు; ఆయన మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. దాని మీద సంతకం తాత్కాలిక రాష్ట్రపతి గిరిది. అదే రోజు సంజీవరెడ్డి స్పీకర్ పదవికి రాజీనామా ఇచ్చారు. మర్నాడు గిరి కూడా రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. కాంగ్రెస్ అభ్యర్థి సంజీవరెడ్డి నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం చేసింది ఇందిరాగాంధీ.

వయ్యాలికావల్‌లో తెలుగువాళ్ల సభ ఒకటి ముగిశాక కాఫీ తాగుతూ ఈ మాటే వచ్చింది. కల్యాణదుర్గం నుంచి వచ్చి బసవనగుడిలో స్థిరపడిన పెద్దాయన ఒకరు గట్టిగానే అన్నారు: "సంతకం పెట్టిన ఆయమ్మే ఓడగొట్టె గదప్పా! ఇంగ ఎవురిని నమ్మేది?" పక్కన వాళ్ల మనవడు, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే కుర్రాడు, అడిగాడు: "అదెట్లా తాతా, విప్ ఉండదా?" సరైన ప్రశ్న. రాష్ట్రపతి ఎన్నికలో విప్, అంటే ఫలానావారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ఉండదు. ఓటు రహస్యం. ఎవరు ఎవరికి వేశారో పార్టీకి తెలిసే దారి లేదు. పార్టీ మాట మీద గౌరవం, పార్టీ అంటే భయం, ఈ రెండే ఎంపీని, ఎమ్మెల్యేని కట్టిపడేస్తాయి. ఆ రెండూ సడలితే సంస్థ చేతిలో ఇంకేమీ మిగలదు.

గెలిపించాల్సిన లెక్కే ఓడించింది

రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు ఒక్క పేరు రాసి ఊరుకోడు. 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం ఇస్తాడు. మొదటి లెక్కింపులో సగం దాటినవాళ్లు లేకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవాణ్ణి తప్పించి, ఆయనకు వేసినవాళ్ల రెండో ప్రాధాన్యాన్ని మిగిలినవాళ్లకు కలుపుతారు. ఎవరో ఒకరు ఆ సగం గీత (కోటా) దాటేదాకా ఇలా సాగుతుంది. పైగా అందరి ఓటుకూ ఒకే విలువ ఉండదు. ఎమ్మెల్యే ఓటు విలువ ఆ రాష్ట్ర జనాభాను బట్టి మారుతుంది. 1969లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576.

ఆ ఎన్నికలో ప్రధానంగా ముగ్గురు: సంజీవరెడ్డి, గిరి, వీళ్లతో పాటు స్వతంత్ర పార్టీ, జనసంఘ్‌ల మద్దతుతో నిలబడ్డ మాజీ ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్. గిరికి కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు వెన్నుదన్నుగా ఉన్నారు. దేశ్‌ముఖ్ గెలవరని అందరికీ తెలుసు. అందుకని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ్ నాయకులను కలిసి, రెండో ప్రాధాన్యమైనా సంజీవరెడ్డికి ఇవ్వమని అడిగారు. నిజలింగప్ప అంతకుముందు ఏడాది దాకా ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి. లెక్క ప్రకారం ఆయన చేసింది తెలివైన పనే.

కానీ ఇందిర వర్గం ఎదురుచూస్తున్నది సరిగ్గా ఇలాంటి దానికోసమే. బ్యాంకుల జాతీయీకరణను వ్యతిరేకించే పార్టీలతో పార్టీ అధ్యక్షుడే చేతులు కలుపుతున్నాడని జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ సంజాయిషీ అడిగారు. అక్కడి నుంచి పుట్టిందే "అంతరాత్మ ప్రబోధం" నినాదం: పార్టీ ఆదేశం అక్కర్లేదు, మనస్సాక్షి చెప్పినట్టు ఓటేయండి. అప్పటి పత్రికల నిండా ఈ మాటే. చాలా ఏళ్ల పాటు తెలుగు ఊళ్లలో పార్టీ ఫిరాయించినవాళ్లను వెక్కిరించడానికి కూడా ఈ మాటే పనికొచ్చింది.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. కోటా 4,18,169. ఎవరూ దాటలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650.

ఈ అంకెల మీద కాస్త ఆగాలి. రెండో దశలో గిరికి కొత్తగా కలిసినవి 18,562. సంజీవరెడ్డికి కలిసినవి 91,879. అంటే నిజలింగప్ప అడిగినదాన్ని స్వతంత్ర, జనసంఘ్ ఓటర్లు చాలావరకు మన్నించారు. మొదటి లెక్కింపులో దాదాపు 88 వేలున్న తేడా 14,650కి పడిపోయింది. ఎంపీ ఓటు విలువ 576 కనుక, చివరి లెక్కలో 13 మంది ఎంపీలు గిరి వైపు నుంచి ఇటు వచ్చి ఉంటే సంజీవరెడ్డే ముందుండేవారు. దేశ రాజకీయాల దారి మళ్లింది ఆ పదమూడు మంది పాటి తేడాతో.

రెండో ప్రాధాన్యం కోసం వెళ్లినందుకు సిండికేట్ మొదటి ప్రాధాన్యం పోగొట్టుకుంది. ఆ మంతనాలే లేకపోతే "అంతరాత్మ" అని పిలుపునివ్వడానికి ఇందిర చేతిలో సరైన సాకు ఉండేది కాదు. అటూ ఇటూ ఊగుతున్న కాంగ్రెస్ సభ్యుల్లో పదిహేను, ఇరవై మంది పార్టీతోనే ఉండిపోయినా సరిపోయేదని నా నమ్మకం. గెలవడానికి వేసిన ఎత్తే ఓటమికి దారితీసింది. అందులో సంజీవరెడ్డి సొంత తప్పు ఎంత? మంతనాలు జరిపింది ఆయన కాదు. కానీ తాను నిలబడ్డది ఏ వర్గం తరఫునో, దేనికోసమో ఆయనకు తెలియదని అనుకోలేం. బోర్డు నాలుగు ఓట్లు వేస్తే సరిపోతుందని నమ్మారు. దేశంలో అప్పటికే ఇంకో రకం రాజకీయం మొదలైందని, బ్యాంకుల జాతీయీకరణకు జనం ప్రధాని ఇంటి ముందు గుమిగూడి జేజేలు కొడుతున్నారని, ఆ చప్పుడు ఎంపీల చెవులకు బోర్డు తీర్మానం కన్నా గట్టిగా వినిపిస్తోందని గ్రహించలేకపోయారు.

మనలో కొందరికి ఇంకో బాధ కూడా ఉంటుంది: పోటీపడ్డ ఇద్దరూ తెలుగువాళ్లే కావడం. గిరి పుట్టింది బరంపురంలో, తెలుగు ఇంట్లో. మైసూరు రాష్ట్ర గవర్నరుగా రెండేళ్లు బెంగళూరులోనే ఉన్నారు. తెలుగువాణ్ణి తెలుగువాడితో కొట్టించారని ఆ బాధ. నేను అలా చూడను. ఇద్దరూ దేశస్థాయి నాయకులుగా పోటీపడ్డారు, ఓటేసినవాళ్లూ వాళ్లను అలాగే చూశారు.

ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో కేసు పడింది. సంజీవరెడ్డి మీద సంతకం లేని ఒక నీచమైన కరపత్రాన్ని ఎంపీల మధ్య పంచారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టేశారు. 1969 నవంబరులో కాంగ్రెస్ నిలువునా చీలింది. 1971 ఎన్నికల్లో ఇందిర కాంగ్రెస్‌కు 352 స్థానాలు, సిండికేట్ పెద్దల సంస్థా కాంగ్రెస్‌కు 16. సంజీవరెడ్డి అనంతపురం వెళ్లి సేద్యంలో పడ్డారు.

మళ్లీ పిలుపు

1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి ఒక బహిరంగ సభలో మాట్లాడారు. ఆ తర్వాత ఎమర్జెన్సీ. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది గానీ ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 స్థానాలు గెలిచింది. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి సంజీవరెడ్డి. జనాకర్షణ లేని నాయకుడని పైన రాశాను. ఆ మాటకు ఎదురు నిలిచే ఉదాహరణ ఇదొక్కటి ఉంది, ఇది చాలా పెద్దది. రాష్ట్రమంతా ఒకవైపు కొట్టుకుపోతుంటే ఎదురీది గెలవడం పార్టీ యంత్రాంగం చేసిపెట్టే పని కాదు. అప్పటికి జనతా పార్టీకి ఆంధ్రలో యంత్రాంగమంటూ ఉంటే కదా.

మార్చి 26న ఏకగ్రీవంగా స్పీకర్. జూలైలో రాష్ట్రపతి ఎన్నిక. ప్రధాని మొరార్జీ మనసులో ఉన్నది కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్, ఆమె వద్దన్నారు. చివరికి జనతా, కాంగ్రెస్ సహా అన్ని పక్షాలూ సంజీవరెడ్డి పేరు మీద కలిశాయి. దాఖలైన 37 నామినేషన్లలో 36 చెల్లకుండా పోయాయి. జూలై 21న ఏకగ్రీవ ఎన్నిక ప్రకటన వెలువడింది. 25న ప్రమాణం. ఎనిమిదేళ్ల కింద 14,650 తేడాతో చేజారిన పదవి పోటీ లేకుండా వచ్చింది. 1969లో ఆయన పేరు ఒక వర్గం ఆయుధం. 1977లో ఎవరికీ భయం కలిగించని పేరు. ఎనిమిదేళ్లు అధికారానికి దూరంగా ఉండటమే ఆయన అర్హతగా మారింది.

1979: అసలు పరీక్ష

ఏ అధికారం కోసం 1969లో కొట్టుకున్నారో, ఆ అధికారం వాడాల్సిన రోజు 1979లో సంజీవరెడ్డికే వచ్చింది. జూలై 15న మొరార్జీ రాజీనామా చేశారు. రాష్ట్రపతి మొదట ప్రతిపక్ష నాయకుడు చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు అడిగారు. చరణ్ సింగ్ వైపు సంఖ్య ఉందని తేల్చి జూలై 28న ప్రమాణం చేయించారు, ఆగస్టు మూడో వారంలోగా సభలో బలం నిరూపించుకోమన్నారు. సభ ముందుకు వెళ్లకముందే ఇందిర మద్దతు ఉపసంహరించుకున్నారు. ఆగస్టు 20న చరణ్ సింగ్ రాజీనామా చేస్తూ లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్. తనకు అవకాశం ఇవ్వమని అడిగారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు. 22న సభ రద్దయింది.

1969లో బోర్డు ముందు తనకు పోటీగా వచ్చిన పేరు జగ్జీవన్ రామ్‌దే కనుక, ఆ కసి తీర్చుకున్నారని కొందరంటారు. నేను నమ్మను. దానికి ఆధారం లేదు. అప్పటి సభలో రోజుకో గుంపు రోజుకో వైపు మారుతోంది. ఎవరిని పిలిచినా నెల తిరగకముందే ఇదే తంతు అని ఆయన అనుకోవడానికి తగిన కారణాలున్నాయి. అయినా ఆ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. ఒక్క రోజు కూడా సభను ఎదుర్కోని ప్రధాని సలహా మీద సభను రద్దు చేశారు. అదే సభలో అతి పెద్ద పార్టీ నాయకుడికి బలం చూపించుకునే అవకాశం ఇవ్వలేదు. చరణ్ సింగ్‌కు ఇచ్చిన మూడు వారాలు జగ్జీవన్ రామ్‌కూ ఇచ్చి ఉంటే, గెలిస్తే దేశానికి తొలి దళిత ప్రధాని వచ్చేవారు, ఓడితే సభలోనే ఓడేవారు. స్పీకర్ కుర్చీ కోసం పార్టీ సభ్యత్వం వదులుకున్న మనిషి, బలాబలాలు తేలాల్సిన చోటు సభేనని అందరికన్నా ముందు చెప్పాల్సింది. 1969 ఓటమి ఆయన పేరుకు మచ్చ తేలేదు. 1979 నిర్ణయం తెచ్చింది.

ఆ రద్దు వల్ల వచ్చిన ఎన్నికల్లో ఇందిర భారీ మెజారిటీతో తిరిగొచ్చారు. 1980 జనవరి 14న ఆమెతో ప్రమాణం చేయించింది సంజీవరెడ్డే. ఆ ఏడాది జూన్‌లో గిరి మద్రాసులో కన్నుమూసినప్పుడు రాష్ట్రపతి స్థానంలో ఉన్నదీ ఆయనే. 1982 జూలైలో పదవీకాలం ముగిశాక, బెంగళూరులో స్థిరపడమని ఆహ్వానం వచ్చినా అనంతపురంలోని తన పొలానికే వెళ్లారు. 1996 జూన్ 1న కన్నుమూసింది మాత్రం బెంగళూరులో. అప్పుడు ఢిల్లీలో ఎవరికీ మెజారిటీ లేదు. అతి పెద్ద పార్టీ నాయకుడని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ వాజ్‌పేయిని పిలిస్తే, ఆ ప్రభుత్వం పదమూడు రోజులకే దిగిపోయింది. సంజీవరెడ్డి పోయిన రోజునే, బయటి పక్షాల మద్దతుతో నిలబడ్డ సంకీర్ణానికి నాయకుడిగా కర్ణాటక నుంచి వెళ్లిన దేవెగౌడ ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు.